హస్తకళా మేళాలో మీ చేతి వస్తువులను అమ్మడం ఎలా?

మేళాలో స్టాల్ తీసుకోవాలనుకునే వారు సాధారణంగా ముందు సరుకు తయారీలో పడతారు. నెలల తరబడి కూర్చుని అట్టపెట్టెల నిండా వస్తువులు చేసి పెట్టుకుంటారు కానీ, ఏ మేళాకు వెళ్తున్నారో, అక్కడికి ఎలాంటి జనం వస్తారో, ఒక్కో వస్తువుకు ఏ ధర దగ్గర నష్టం మొదలవుతుందో రాసి పెట్టుకోరు. ఈ మూడూ ఇంట్లోనే తేలకపోతే, అయిదు రోజులు నిలబడి బాగానే అమ్మినట్టు అనిపించినా, ఇంటికి వచ్చి లెక్క చూసుకునేసరికి చేసిన పనికి కూలి కూడా మిగలదు. అందుకే ఈ వ్యాసంలో ధర లెక్కకూ బేరానికీ ఎక్కువ చోటిచ్చి, మిగిలిన విషయాలను అవసరమైనంత మేరకే చెబుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా లక్కబొమ్మలు, మట్టి నగలు, కలంకారీ గుడ్డల నుంచి తీసుకున్నవి. మీరు జనపనార సంచులు అల్లినా, తాటాకు బుట్టలు కట్టినా లెక్క మారదు.

1. ఏ మేళా, ఏ నెల అన్నది తేల్చుకోండి

మన దగ్గర చేతి వస్తువుల అమ్మకానికి ముఖ్యంగా మూడు రకాల చోట్లున్నాయి. మొదటి రకం ప్రభుత్వ సంస్థలు నడిపేవి. కేంద్ర జౌళి శాఖ కింద పనిచేసే హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం సహాయంతో గాంధీ శిల్ప్ బజార్లు జరుగుతాయి. మహిళా స్వయం సహాయక సంఘాల వారికి సరస్ మేళాలున్నాయి. హైదరాబాద్‌లోని మాదాపూర్, ఉప్పల్ శిల్పారామాలతో పాటు తిరుపతి, విశాఖపట్నం శిల్పారామాల్లోనూ చేతివృత్తుల వారు స్టాళ్లు పెడుతుంటారు. రెండో రకం ఫంక్షన్ హాళ్లలో ప్రైవేటు నిర్వాహకులు పెట్టే ఎగ్జిబిషన్లు. మూడోది, ఈ మధ్య నగరాల్లో బాగా పెరిగిన పద్ధతి, పెద్ద అపార్ట్‌మెంట్లలో శని, ఆదివారాల్లో క్లబ్‌హౌస్ దగ్గర బల్ల వేసి అమ్మడం.

మొదటిసారి అమ్మేవారికి నా సలహా మూడోదే. ఒక్క పూట పని, అద్దె తక్కువ, రవాణా తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, మీ వస్తువును చూసి జనం ఏమడుగుతున్నారో అక్కడ ప్రశాంతంగా వినవచ్చు. అక్కడ నిలదొక్కుకున్నాక పెద్ద మేళాకు దరఖాస్తు పెట్టుకోండి. ప్రైవేటు ఎగ్జిబిషన్‌కు డబ్బు కట్టే ముందు మాత్రం పక్క స్టాళ్లలో ఏం అమ్ముతారో తప్పకుండా అడగండి. మీ అంకుడు కర్ర లక్కబొమ్మ పక్కనే యంత్రంపై తయారైన ప్లాస్టిక్ బొమ్మను మూడో వంతు ధరకు పెడితే, అయిదు రోజులూ మీకు తేడా వివరించడంతోనే సరిపోతుంది.

నెల ఎంపిక కూడా చిన్న విషయం కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, వానలుంటాయి, బట్టల దుకాణాల డిస్కౌంట్లు జనాన్ని లాగేస్తాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంతో పాటు ఇచ్చే చిన్న వస్తువులకు గిరాకీ మొదలవుతుంది. బొమ్మలు చేసేవారికి కొలువుల కాలమే అసలు పంట: కొన్ని ఇళ్లలో దసరాకు, కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి కొలువు పెడతారు కాబట్టి, ఆ పండుగలకు రెండు మూడు వారాల ముందు జరిగే మేళాలో కొండపల్లి దశావతారాల సెట్టయినా ఏటికొప్పాక లక్కపిడతలయినా వాటంతట అవే కదులుతాయి. పండుగ వెళ్లిన వారానికి అదే సెట్టు పట్టుకుని కూర్చుంటే చూసి మెచ్చుకుని వెళ్లిపోతారు.

2. కాగితాలు సిద్ధం చేసుకోండి

చేతివృత్తుల వారికి హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే గుర్తింపు కార్డును పహచాన్ కార్డు అంటారు. మన దగ్గర చాలామంది ఆర్టిజన్ కార్డు అనే పిలుస్తారు. ప్రభుత్వ మేళాల్లో స్టాల్ అడగడానికి మొదట అక్కరకు వచ్చేది ఇదే. పిల్లల బొమ్మలు అమ్మేవారికి దీని అవసరం మరింత ఎక్కువ, ఎందుకంటే 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి అయినప్పటికీ, కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కార్డు నకలు ఒకటి లామినేట్ చేయించి స్టాల్‌లో కనబడేలా పెట్టుకుంటే, ఎవరైనా తనిఖీకి వచ్చినప్పుడు వెతుక్కోనక్కరలేదు.

జీఎస్టీ విషయంలో సొంత రాష్ట్రంలోనే వస్తువులు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటే వరకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. విజయవాడ నుంచి హైదరాబాద్ మేళాకు సరుకు తెచ్చేవారు మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటుతున్నారు కాబట్టి పై పరిమితి వారికి అలాగే వర్తించదన్న సంగతి మరిచిపోకూడదు. ప్రభుత్వం జాబితాలో చేర్చిన హస్తకళా వస్తువులకు నిర్ణీత పరిమితి లోపల రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది కానీ, దానికి పాన్ నంబరుతో పాటు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కూడా ఉండాలి. మామూలు సరుకుకు 50 వేల రూపాయల విలువ దాటితేనే ఈ-వే బిల్లు అడుగుతారు; రిజిస్ట్రేషన్ లేకుండా రాష్ట్రం దాటించే హస్తకళా వస్తువులకు సరుకు విలువ ఎంత తక్కువైనా అది ఉండాల్సిందే. ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చుని మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో చూపించుకోండి.

3. ధర కట్టండి

ముందుగా ఒక్కో వస్తువుకు అసలు ఖర్చు రాయండి. ఒక లక్కపిడతల సెట్టును తీసుకుందాం. కర్ర, లక్క, రంగు, అట్టపెట్టె కలిపి 110 రూపాయలు. పనికి మూడు గంటలు పడుతుంది. గంటకు 90 చొప్పున 270. పగిలినవి, వంకర పోయినవి, రంగు సరిగ్గా పట్టనివి ఉంటాయి కాబట్టి వాటి కింద 20. మొత్తం 400 రూపాయలు. ఇక్కడ చాలామంది గంటల కూలిని లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో కూర్చుని చేసిందే కదా, మన పనికి మనమేం కూలి వేసుకుంటాం అంటారు. అదే పనికి రేపు పెద్ద ఆర్డరు వచ్చి పక్కింటి అమ్మాయిని కూర్చోబెడితే ఆమెకు కూలి ఇవ్వరా? ఆ డబ్బు ఈ రోజే ధరలో లేకపోతే, ఆర్డరు వచ్చిన రోజున దాన్ని వదులుకోవలసి వస్తుంది.

ఇప్పుడు మేళా ఖర్చు. అయిదు రోజుల స్టాల్ అద్దె 6,000, సరుకు రవాణా 2,500, బస, తిండి 3,000, సహాయంగా నిలబడే మనిషికి 2,500 అనుకుంటే మొత్తం 14,000 రూపాయలు. ఆ అయిదు రోజుల్లో మీకు 70,000 అమ్మకం అవుతుందని అంచనా అయితే, అమ్మకంలో ప్రతి వంద రూపాయలకూ 20 మేళాకే పోతాయి. దీనికి తోడు తర్వాతి సరుకు కొనడానికి, కొత్త పనిముట్లకు వందకు 15 చొప్పున లాభం మిగలాలనుకోండి. అంటే ధరలో 35 శాతం ఈ రెంటికీ పోగా, మిగిలిన 65 శాతంలో మీ 400 రావాలి. 400ను 0.65తో భాగిస్తే 615. గుండ్రంగా 620 రూపాయలు పెట్టండి.

ఈ భాగహారం దగ్గరే అందరూ తడబడతారు. మేళా ఖర్చు 20 శాతం కదా అని 400కు 20 శాతం కలిపి 480 అని చీటీ అంటిస్తారు. ఆ 480లో 20 శాతం అంటే 96 మేళాకు పోగా చేతికి వచ్చేది 384. అంటే వస్తువు అమ్ముడైన ప్రతిసారీ మీరు 16 రూపాయలు ఎదురిస్తున్నారన్న మాట. అనుకున్న 70,000 అమ్మకం పూర్తిగా జరిగినా చివరికి నష్టమే మిగులుతుంది.

620 దగ్గర ఖర్చులన్నీ పోను ఒక సెట్టుకు 96 రూపాయలు మిగులుతాయి. కొనేవారు పది శాతం తగ్గించమంటే పోయేది 62 కాబట్టి, మీకు మిగిలేది 34 మాత్రమే. కొనేవారికి పది శాతంగా కనిపించేది మీ లాభంలో దాదాపు మూడింట రెండు వంతులు. ఈ లెక్క తెలిసిన వారు బేరంలో గట్టిగా నిలబడగలుగుతారు. అందుకే ప్రతి వస్తువుకూ రెండు అంకెలు రాసుకోండి: చీటీ మీది ధర ఒకటి, దాటకూడని కనీస ధర రెండోది. కనీస ధర చీటీ వెనుక మీకు మాత్రమే తెలిసే గుర్తుతో రాసుకోవచ్చు. ఆ గుర్తు మీ బదులు కూర్చునే మనిషికి కూడా తెలియాలి, లేకపోతే మీరు భోజనానికి వెళ్లిన అరగంటలో బంగారం లాంటి సెట్టు సగం ధరకు వెళ్లిపోతుంది.

4. ఎంత సరుకు, ఏ ధరల్లో

ఒకే ధరలో ఉన్న వస్తువులే తీసుకెళితే స్టాల్ ముందు ఆగిన వారిలో ఎక్కువ మంది ఊరికే వెళ్లిపోతారు. మూడు మెట్లుగా సరుకు పెట్టుకోండి. 150 రూపాయల లోపు వస్తువులు, అంటే తాళం గుత్తులు, మట్టి జుంకాలు, బొంగరాలు, పెన్ను స్టాండ్ల వంటివి సంఖ్యలో ఎక్కువగా ఉండాలి. 200 నుంచి 800 వరకు మీ ప్రధాన సరుకు. ఆపైన రెండు మూడు పెద్ద వస్తువులు చాలు: ఒక పెద్ద చేర్యాల పటం గానీ, మనిషెత్తు కలంకారీ తెర గానీ వెనుక గోడకు వేలాడితే, అది అమ్ముడు కాకపోయినా దూరం నుంచి జనాన్ని ఆపుతుంది. దాన్ని చూసి వచ్చినవారే ముందున్న జుంకాలు కొంటారు.

తోలుబొమ్మల వాళ్లు ఈ కిటుకును ఎప్పుడో పట్టుకున్నారు. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారులు ఆట బొమ్మలతో పాటు అదే తోలు మీద, అదే రంగులతో ల్యాంప్‌షేడ్లూ చిన్న గోడ అలంకరణలూ చేస్తారు. నిలువెత్తు హనుమంతుణ్ణి చూడటానికి ఆగినవారు చేతిలో పట్టేదేదో కొని వెళ్తారు.

5. స్టాల్ సర్దండి

మేళాలో మీకు దొరికేది సాధారణంగా రెండు బల్లలు, ఒక గోడ, ఒక ప్లగ్గు. బల్లను నేల దాకా ఒకే రంగు గుడ్డతో కప్పండి. ఖాళీ పెట్టెలు, నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా దాని కిందకు పోతాయి. పూల అచ్చు గుడ్డ మీద కలంకారీ పెడితే కలంకారీ కనబడదు కాబట్టి, రంగురంగుల సరుకుకు ముదురు సాదా గుడ్డ, మట్టి రంగు సరుకుకు తెల్లని లేదా పసుపు పచ్చని గుడ్డ వాడండి. అట్టపెట్టెలు బోర్లించి గుడ్డ కప్పితే కొలువు మెట్లలా తయారవుతాయి. వెనుక వరుస చూపుకు ఎదురుగా, ముందు వరుస చేతికి అందేలా ఉండాలి.

ప్రతి వస్తువు మీదా ధర ఉండి తీరాలి. ధర లేని వస్తువును చేతిలోకి తీసుకున్నవారు, అడిగితే ఎంత చెబుతారోనని సంకోచించి దాన్ని యథాస్థానంలో పెట్టి కదులుతారు. ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. చేతి వస్తువును చేతితో చూడనివ్వకపోతే అమ్మడం ఎందుకు? మట్టి వస్తువులు పగులుతాయన్న భయం ఉంటే రెండు నమూనాలను ముందు పెట్టి, మిగిలినవి లోపల పెట్టుకోండి.

ఎక్కువ జనం వచ్చేది సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు. నిర్వాహకులు ఇచ్చే ట్యూబులైటు కింద లక్క మెరుపు కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి, వెచ్చని వెలుగునిచ్చే ఎల్‌ఈడీ బల్బులు రెండు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు వెంట ఉంచుకోండి. నైలాన్ తాడు, పిన్నీసులు, కత్తెర, నల్ల టేపు, మెత్తని పొడి గుడ్డ, సూదీ దారం, వాన వస్తే సరుకు మీద కప్పే టార్పాలిన్ ఒక సంచిలో వేసి ఆ సంచిని మొదట బండిలో పెట్టండి.

ఖాళీగా కూర్చుని ఫోను చూసుకోవడం కంటే, ఏదో ఒక చిన్న పని చేస్తూ కూర్చోవడం ఎంతో మేలు. పటం మీద సన్నని కుంచెతో గీత గీస్తున్నప్పుడు గానీ, మట్టి పూసకు సూదితో చారలు పెడుతున్నప్పుడు గానీ పిల్లలు ముందు ఆగుతారు, వాళ్ల వెనక తల్లిదండ్రులు ఆగుతారు. ఇది ఎంతసేపటి పనండీ అని అడిగినప్పుడు మీ ధరకు కారణం చెప్పుకునే అవకాశం కూడా దానంతట అదే వస్తుంది.

6. బేరం ఎలా నడపాలి

మన దగ్గర బేరమాడటం అవమానించడం కాదు, అలవాటు. కోపం తెచ్చుకున్న వారికి సరుకు మిగులుతుంది. వచ్చేవారు ఎక్కువగా అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులు ముందే అనుకుని ఉంచుకోండి.

"ఆఖరికి ఎంతకిస్తారు?" అన్న ప్రశ్నకు వెంటనే తగ్గించిన అంకె చెప్పకండి. అలా చెబితే మొదటి ధర అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. "ఇదే ధర అమ్మా, రెండు సెట్లు తీసుకుంటే పెట్టె మీద మీవాళ్ల పేరు రాసిస్తాను" అనండి. ధర తగ్గించే బదులు ఏదైనా కలిపి ఇవ్వడం మీకు చవక, వాళ్లకు సంతోషం: 10 రూపాయల ఖర్చుతో అయ్యే చిన్న బొంగరం వాళ్ల దృష్టిలో 40 రూపాయలది.

"ఆన్‌లైన్‌లో ఇదే 250కి వస్తోంది" అంటే వాదనకు దిగకండి. బొమ్మను వారి చేతికిచ్చి, అడుగు భాగం తిప్పి చూపించండి. ఏటికొప్పాక బొమ్మయితే తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే ఆ వేడికి కరిగి రంగు పట్టుకుందని, పైన పూసిన రంగు కాదు కాబట్టి గోకినా పెచ్చులూడదని రెండు ముక్కల్లో చెప్పండి. వినేవారు వింటారు. వినని వారు మీ కొనుగోలుదారులు కారు, నవ్వుతూ వదిలేయండి.

పొద్దున్నే వచ్చి "బోణీ బేరం, కాదనకండి" అనే వారు ఉంటారు. బోణీని తిప్పి పంపకూడదన్న నమ్మకం మనకూ ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క అమ్మకానికి పనికొచ్చేలా రెండు మూడు చిన్న వస్తువులు విడిగా పెట్టుకోండి. "బోణీకి ఇది తీసుకోండి అక్కా, 120దే, వందకిస్తాను" అంటే ఇద్దరి మాటా నిలుస్తుంది, మీ 620 సెట్టు క్షేమంగా ఉంటుంది.

అదే వస్తువును ఉదయం ఒకరికి 620కి, సాయంత్రం ఇంకొకరికి 500కి ఇవ్వకండి. మేళాలో అపార్ట్‌మెంట్ స్నేహితులు, వదినా మరదళ్లు, ఆఫీసు వాళ్లు గుంపులుగా తిరుగుతారు. ఎవరు ఎంతకు కొన్నారన్నది ఐస్‌క్రీం బండి దగ్గరే తేలిపోతుంది, ఎక్కువ ఇచ్చిన మనిషి తిరిగి వచ్చి నిలబడతారు.

7. డబ్బు తీసుకోవడం, వస్తువుతో కార్డు ఇవ్వడం

క్యూఆర్ కోడ్‌ను పెద్దగా అచ్చు వేయించి బల్లకు రెండు వైపులా పెట్టండి. కిక్కిరిసిన మైదానంలో నెట్‌వర్క్ మొండికేస్తుంది కాబట్టి వేరే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోను ఉండాలి. డబ్బు పంపామని చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మి వస్తువు ఇవ్వకండి. సౌండ్ బాక్స్ పలికాకో, మీ బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకో ఇవ్వండి. పది, ఇరవై, యాభై నోట్లు కలిపి రెండు వేల రూపాయల చిల్లర పొద్దున్నే ఉండాలి, ఆ అంకె నోటుపుస్తకంలో మొదటి గీతగా రాయాలి, లేకపోతే రాత్రి గల్లా లెక్క తేలదు.

వస్తువుతో పాటు ఒక చిన్న కార్డు పెట్టండి. దాని మీద మీ పేరు, ఫోను నంబరు, ఊరు, వెనుక వైపు జాగ్రత్తలు: లక్క వస్తువును నీళ్లలో నానబెట్టవద్దు, పొడి గుడ్డతో తుడవాలి, సహజ రంగుల కలంకారీని మొదటిసారి విడిగా చల్లని నీళ్లలో ఉతికి నీడన ఆరేయాలి, మట్టి నగల మీద సెంటు పడనివ్వకూడదు. పెళ్లికి, గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులు కావాలని నెల తర్వాత వచ్చే ఫోన్లు ఈ కార్డు చూసి వచ్చేవే.

8. చివరి రోజు

చివరి రోజు సాయంత్రం మిగిలిన సరుకును సగం ధరకు వదిలించుకోవాలన్న తొందర అందరికీ ఉంటుంది. తిరుగు రవాణా భారమైన పెద్ద వస్తువులకు, పండుగ దాటితే పనికిరాని వాటికి తప్ప ఆ పని చేయకండి, ఎందుకంటే స్థానిక మేళాకు ప్రతి ఏడూ వచ్చేది దాదాపు అదే జనం, వాళ్లు వచ్చే ఏడు చివరి రోజు కోసమే కాచుకుంటారు.

మేళాలో ఒప్పుకున్న ఆర్డర్లకు సగం డబ్బు ముందే తీసుకుని, వస్తువు, రంగు, సంఖ్య, ఇవ్వవలసిన తేదీ రాసి, ఆ పేజీని ఫొటో తీసి కొనేవారికి వాట్సాప్‌లో పంపండి. వంద సెట్లు అడిగారని సంబరపడి పది రోజుల్లో ఇస్తామనకండి: సెట్టుకు మూడు గంటల చొప్పున మూడు వందల గంటలు, రోజుకు ఎనిమిది గంటలు ఒక్కరే చేస్తే దాదాపు 38 రోజులు. రెండో మనిషి దొరికితేనే మూడు వారాలు అనండి.

స్టాల్ విప్పే ముందు మిగిలినవి లెక్కబెట్టి, ఏ ధర మెట్టులో ఎన్ని పోయాయో, ఏ రంగు అడిగి లేదనిపించుకున్నారో ఆ రాత్రే రాసుకోండి. అసలు అమ్మకం 70,000కు బదులు 50,000 దగ్గర ఆగితే మేళా ఖర్చు వందకు 20 కాదు, 28 అయింది. వచ్చే మేళాకు ఆ 28తోనే ధరలు మళ్లీ కట్టండి. 400 ఖర్చయిన సెట్టుకు అప్పుడు 700 రూపాయలు పెట్టాల్సి వస్తుంది. మీ ఊరి జనం ఆ ధర ఇవ్వరనుకుంటే, అద్దె తక్కువున్న మేళా వెతుక్కోవాలి.